వాట్సాప్‌లో వచ్చిన ఫోటో నిజంగా ఎప్పుడు తీసిందో, ఎడిట్ చేశారో లేదో తెలుసుకోవచ్చా?

ఒక వస్తువు కొందామని అడిగితే "ఇవాళే తీశా" అంటూ ఫోటో పంపారని, గ్యాలరీలో వివరాలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి అది ఫేకేనా అని అడిగారు. అలా తేల్చేయకండి. మామూలుగా పంపిన ఫోటోని వాట్సాప్ కుదించేసి, లోపలి ఎగ్జిఫ్ సమాచారం (ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారు లాంటి వివరాలు) తీసేస్తుంది. నిజం ఫోటోకీ అదే గతి. ఫైలు పేరులో కనిపించే తేదీ కూడా తీసిన రోజు కాదు, వాట్సాప్‌లో చేతులు మారిన రోజు. ఆ తేదీని పట్టుకునే నేను ఒకసారి గట్టిగా వాదించి నవ్వులపాలయ్యాను.

ముందు ఒరిజినల్ ఫైల్ అడగండి. ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు లోపలి సమాచారం చెక్కుచెదరదు.

సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనబోయినప్పుడు నేను అదే చేశాను. "నిన్న తీసిందే" అన్న ఫోటోని ఎగ్జిఫ్‌టూల్‌లో తెరిస్తే (ఉచితమే, కంప్యూటర్‌లో నడుస్తుంది) తీసిన తేదీ ఏడు నెలల కిందటిది. సాఫ్ట్‌వేర్ అన్న చోట ఏదో ఎడిటింగ్ యాప్ పేరు. అసలు సంగతి బయటపెట్టింది మాత్రం థంబ్‌నెయిల్. చాలా ఫోన్లు జేపెగ్ ఫైల్ లోపలే ఒక బుల్లి నకలు దాచిపెడతాయి, కొన్ని యాప్‌లు ఫోటోని క్రాప్ చేసినా ఆ నకలు జోలికి పోవు. పెద్ద ఫోటోలో లాప్‌టాప్ ఎడమ మూల కనిపించదు. గోరంత థంబ్‌నెయిల్‌లో మాత్రం ఆ మూలా ఉంది, మూత కీలు (హింజ్) దగ్గర పగులూ ఉంది. అడిగితే "అదా, చిన్నదేలెండి" అన్నారు.

అలాగని యాప్ పేరు కనబడగానే దొంగ అనెయ్యకండి. కాస్త వెలుతురు పెంచి సేవ్ చేసినా ఆ పేరు పడొచ్చు. తేదీ వచ్చేది ఫోన్ గడియారం నుంచి, గడియారం తప్పయితే తేదీ కూడా తప్పే. పైగా కావాలనుకుంటే అదే ఎగ్జిఫ్‌టూల్‌తో నిమిషంలో తేదీ మార్చేయొచ్చు. ఇంకోటి, జీపీఎస్ సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. తీసిన సమయంతో కొన్ని గంటలు తేడా వస్తే కంగారుపడకండి, అది టైమ్‌జోన్ తేడా కావచ్చు.

వాళ్లది ఐఫోన్ అయితే, ఫోటోల యాప్‌లో ఆ ఫోటో తెరిచి ఎడిట్ నొక్కమనండి. ఆ యాప్‌లోనే మార్పులు చేసి ఉంటే రివర్ట్ అని కనిపిస్తుంది, నొక్కితే పాత రూపం వస్తుంది. ఫోటో పెట్టగానే "మార్చిన చోటు" రంగుల్లో మెరిపించే సైట్లని నేనయితే నమ్మను. పదునైన అంచులు, మళ్లీ మళ్లీ సేవ్ చేసిన ఫైళ్లు ఏ మార్పూ లేకపోయినా మెరుస్తాయి.

కొత్త పద్ధతి ఒకటుంది: 2021లో మొదలైన సీ2పీఏ. ఫోటో తీసేటప్పుడే దానికి డిజిటల్ సంతకం పడుతుంది. ఆ పద్ధతిని పాటించే యాప్‌లో ఎడిట్ చేస్తే ఆ మార్పు కూడా నమోదవుతుంది. 2025లో వచ్చిన పిక్సెల్ 10 కెమెరా యాప్‌లో ఇది ఉంది. ఈ సంతకాన్ని చదివే కంటెంట్ క్రెడెన్షియల్స్ వెరిఫై సైట్‌లో ఫైల్ పెడితే చరిత్ర కనిపిస్తుంది. కానీ చాలా యాప్‌లు దారిలోనే ఆ సంతకాన్ని ఊడబెరికేస్తాయి. పైగా స్క్రీన్ మీది బొమ్మని అలాంటి కెమెరాతో ఫోటో తీసినా, దానికీ అసలైన సంతకమే వచ్చేస్తుంది. నికాన్ జెడ్6 త్రీ కెమెరాలో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ (ఒకటి కంటే ఎక్కువ బొమ్మల్ని ఒకే ఫోటోగా కలపడం) లొసుగుతో వేరే బొమ్మకి కూడా సంతకం పడేట్టు చేయొచ్చని బయటపడటంతో, 2025లో నికాన్ ఈ సంతకాల కోసం అప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లని రద్దు చేసింది.

మీ విషయంలో వస్తువు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది కదా. ఒరిజినల్ పంపడానికి నసుగుతుంటే వీడియో కాల్ చేసి, మీరు చెప్పిన వైపుకల్లా తిప్పి చూపించమనండి. నేను ఆ పగులు ఎంత ఉందో చూసుకున్నది అలాగే.