నాయన గురించి రాయాలని కూర్చుంటే కోపమొస్తోంది

ప్రశ్న: మాది మదనపల్లె. నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. మా నాయన ముప్పై ఏళ్లు మోటార్ వైండింగ్ షాపు నడిపి నిరుడు పోయారు. వచ్చే నెల సంవత్సరీకం. బంధువులు ఆయన మీద చిన్న పుస్తకం వేయిస్తున్నారు, నన్ను నాలుగు పేజీలు రాయమన్నారు. కూర్చుంటే ఒక్కటే గుర్తొస్తోంది: నా స్కూల్ యానివర్సరీకి ఆయన ఒక్కసారీ రాలేదు, పదో తరగతి పరీక్షలకు దింపింది కూడా మా మామే. ఊరంతా దేవుడంటున్న మనిషి మీద నాకు కోపమేంటని మళ్లీ ఏడుపు. అటు తమ్ముడు షాపు అద్దెకిచ్చేద్దామంటాడు, అమ్మేమో రోజూ షటర్ తీసి ఊదొత్తి వెలిగించి వస్తోంది. షాపు పద్దు పుస్తకంలో రైతుల బాకీలు రెండున్నర లక్షల దాకా ఉన్నాయి, దాని మీదా గొడవే.

జవాబు: అమ్మా, మీ కోపం తప్పు కాదు. పోయినవాళ్ల మీద కోపం ఉండకూడదని ఎవరు చెప్పారో గానీ, ఆ మాట నమ్మి మనసులో కుక్కుకున్నవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. శుక్రవారం రాత్రి బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ స్టాపులో బస్సెక్కి ఊరెళ్లి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చి, సోమవారం పొద్దున మీటింగ్‌లో కూర్చునేవాళ్లు. ఏడవడానికే వీళ్లకు టైం దొరకదు, ఇక కోప్పడటానికి ఎక్కడ దొరుకుతుంది?

మీరు చెప్పినవాటిలో నేను ఆగిపోయింది తేదీల దగ్గర. స్కూల్ యానివర్సరీలు ఫిబ్రవరి, మార్చిలో. పదో తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్‌లో. ఇప్పుడు షాపు వైపు నుంచి చూడండి. మీ వైపు బోర్లలో నీళ్లు అడుగంటేది అప్పుడే, కరెంటు వోల్టేజీ పడిపోయేది అప్పుడే, ఒక ఫేజు పోయినా తెలియక రాత్రంతా తిరిగి మోటార్లు కాలిపోయేదీ అప్పుడే. టమాటా చేను మీద ఉంటుంది, ఆ ఎండలో మూడు రోజులు తడి లేకపోతే రైతు పని అయిపోయినట్టే. కాలిన మోటారును ఆటోలో వేసుకొచ్చి షాపు మెట్ల మీదే కూర్చుంటాడు, కాయిల్ చుట్టించుకుని గానీ కదలడు. మీ పరీక్షలూ ఆయన సీజనూ ఏటా ఒకే నెలల్లో పడ్డాయి. జూలైలో వానలు పడ్డాక ఆయన ఎలా ఉండేవారో గుర్తుందా? అది ఒకసారి అమ్మను అడగండి.

దీంతో మీ బాధ పోవాలని నేను చెప్పడం లేదు. కారణం తెలిసినంత మాత్రాన ఆ రోజు స్టేజీ మీద నుంచి నాయన కోసం వెతికిన పిల్లకు జరిగింది జరగకుండా పోదు. ఒక్క పూట షాపు కుర్రాడికి అప్పజెప్పి రావచ్చు కదా అని నాకూ అనిపించింది, నిజం చెప్పాలంటే. ఆ మాటే రాయండి. "మార్చి నెలలో మా నాయన మాకు ఉండేవాడు కాదు" అని మొదలుపెట్టినా ఎవరూ కొట్టరు. "పరోపకారి, మృదుస్వభావి, అజాతశత్రువు" లాంటివి మిగతా బంధువులు ఎలాగూ రాస్తారు, ఊళ్లో కట్టే అశ్రునివాళి ఫ్లెక్సీలన్నిటి మీదా అవే ఉంటాయి, కింద ఫొటో ఒక్కటే మారుతుంది.

రాసే ముందు ఈ వారాంతం ఊరెళ్లి ఆయన పాత పుస్తకాలు తీయండి. వైండింగ్ చేసేవాళ్లు చాలామంది ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజి (మందం) తీగ అని రాసి పెట్టుకుంటారు, పక్కనే రైతు పేరు, ఊరు, బాకీ. మీ పరీక్షలు జరిగిన సంవత్సరం మార్చి పేజీలు తిప్పండి. తర్వాత షాపులో పనిచేసిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించండి. ఇంట్లో చెప్పని సంగతులు ఆయన దగ్గర ఉంటాయి, అందులో మీకు నచ్చనివీ ఉండొచ్చు, ఫరవాలేదు.

బాకీల విషయంలో వసూలు చేయాలన్నా వదిలేయాలన్నా రెండూ సగం సగం సరైనవే. చట్టం ప్రకారం మామూలు బాకీ మీద కోర్టుకెళ్లడానికి 3 ఏళ్లే గడువు, కాబట్టి పాతవి వదిలేయక తప్పదు, వాటి కోసం పోట్లాడుకోవద్దు. ఈ మధ్యవాటికి ఒక్కసారి ఫోన్ చేసి "నాయన పద్దులో ఇంత ఉందన్నా" అని మాత్రం చెప్పండి. టమాటాకు మంచి ధర పలికినప్పుడు ఇచ్చేవాళ్లు ఇస్తారు. మిగతావాళ్లను సంవత్సరీకం భోజనానికి పిలవండి, అక్కడ మాత్రం డబ్బు మాట ఎత్తొద్దు.

షాపు సంగతి తమ్ముడొక్కడే తేల్చేది కాదు. నాయన వీలునామా రాయకపోయి ఉంటే ఆయన సొంత సంపాదనలో అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటా, నాయనమ్మ ఉంటే ఆవిడకూ వస్తుంది. జీఎస్టీ ఉంటే ఆ నంబరు నాయన పాన్ మీద ఉంటుంది, దాంతో ఇప్పుడు బిల్లులు కొట్టకూడదు, నడిపేవాళ్లు తమ పేరు మీద కొత్తది తీసుకోవాలి. అద్దెకిచ్చేదే అయితే బయటివాళ్ల కంటే ముందు షాపులో పనిచేసిన ఆ మనిషినే అడగండి అంటాను. పని ఆయనకు వచ్చు, రైతులు ఆయనకు తెలుసు. అలాగైతే అమ్మ పొద్దున్నే వచ్చి ఊదొత్తి వెలిగించి వెళ్లినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. కానీ తొందర వద్దు, సంవత్సరీకం దాటనివ్వండి. ఏడాది కూడా నిండకముందే షటర్‌కు కొత్త తాళం పడితే ఆవిడ తట్టుకోలేరు.

ఇంకొకటి, షాపు బోర్డు మీద ఉన్నది ఇప్పటికీ నాయన ఫోన్ నంబరే అయి ఉంటుంది. రీఛార్జ్ ఆపితే కొన్నాళ్లకు అది ఇంకెవరికో పోతుంది. ఈరోజే చేయించి ఆ ఫోన్ అమ్మ దగ్గర పెట్టండి. మార్చి వస్తోంది, మోటార్లు కాలతాయి, ఆయన పోయిన సంగతి తెలియని రైతులు ఇంకా ఉంటారు.