పికప్ కొన్న అల్లుడికి

అల్లుడా,

సెకండ్ హ్యాండ్‌ల బొలెరో పికప్ తీస్కున్నవని మీ అమ్మ చెప్పింది. బత్తాయి లోడ్లు బాటసింగారం మార్కెట్‌కు కొడతవట, సంతోషం. ఇన్సూరెన్స్ కాగితం ఉన్నది గదా అని నిమ్మళంగ ఉండకు. పాలసీ పాత ఓనర్ పేరు మీదనే ఉంటే, నీ బండి నుజ్జయినా నీకు పైస రాదు. బండి చేతులు మారిన 14 రోజుల్ల కంపెనీకి దరఖాస్తు పెట్టి నీ పేరు మీదికి మార్పించుకో.

అది ఏ పాలసీనో గూడ చూడు. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే ఎదుటోళ్ల నష్టానికే ఇస్తరు, నీ బండికి ఏం రాదు. అప్పు తెచ్చి కొన్న బండికి ప్యాకేజీ పాలసీనే (ఎదుటోళ్ల నష్టానికీ, నీ బండికీ రెండిటికీ ఇచ్చేది) కట్టాలె. కట్టేటప్పుడు ‘ఐఎంటీ 23’ అనే అదనపు కవర్ ఉన్నదా అని అడుగు. సరుకు బండ్లకు అది లేకుంటే లైట్లు, టైర్లు, బంపర్లు, మడ్‌గార్డులు, బానెట్, రంగు దెబ్బతింటే క్లెయిమ్ రాదు. బండి మొత్తం పోతేనే అవి లెక్కకొస్తయి. నార్కట్‌పల్లి కాడ పొగమంచుల నా డీసీఎం ముందటి లారీకి గుద్దుకున్ననాడు నాకీ సంగతి తెల్వది. పోయినవన్నీ ముందటి సామాన్లే, అన్నీ నేనే పెట్టుకున్న.

డ్రైవర్‌ను పెట్టుకుంటే ‘పెయిడ్ డ్రైవర్’ కవర్ రాయించు, ఖర్చు కొంచెమే. లోడు మాత్రం ఇందుల రాదు, దానికి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ వేరే. లైసెన్స్ గురించి రంది వద్దు: 7,500 కిలోల లోపు బండికి ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్ చాలని 2024 నవంబర్ల సుప్రీంకోర్టు చెప్పింది. ఫిట్‌నెస్ తారీఖు మాత్రం దాటనీయకు.

ఇంక అసలు మాట. బత్తాయి తెంపే కూలీలను ఎనక ఎక్కించుకొని తోటకు తీస్కపోకు. సరుకు యజమాని సరుకుతోని వస్తే కవర్ ఉంటది గని, కిరాయికో మొహమాటానికో ఎక్కిన మనుషులకు ఉండదు. బండి బోల్తా పడితే యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్ వేసే లక్షలు నీ మీదనే పడతయి. కంపెనీతోని ముందు కట్టించినా, తర్వాత నీ దగ్గరనే వసూలు చేస్కొమ్మంటరు. మన దిక్కు తెల్లారకముందే ఆడోళ్లు ట్రాలీలల్ల నిలబడి పోతనే ఉంటరు. నువ్వు కాదంటే రైతు ఇంకో బండి మాట్లాడుకుంటడని నీకు భయం. లోడు పోతే పోనీ. కాదనలేకపోతే కూలీల ఆటో కిరాయి నువ్వే ఇయ్యి. పైసలన్న ఎట్లనో కడతవు, తల్లి పోయిన పిల్లల ముందట ఎట్ల నిలబడతవు?

పాత పాలసీ ప్రతి పేజీ ఫొటో తీసి వాట్సాప్ జెయ్యి. ఆదివారం నల్లగొండకు వస్త, ఇద్దరం కూసోని చదువుదాం.

మీ మామ