ఆ 40 వేలు ఇప్పుడే ఇచ్చేయకండి

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. కొత్త ఫ్లాట్‌లో మాడ్యులర్ కిచెన్‌ని రూ.4.20 లక్షలకు మాట్లాడుకున్నాం. అందులో 3 లక్షలు బ్యాంకులో తీసుకున్న పర్సనల్ లోన్. నెలకు సుమారు రూ.10,100 చొప్పున మూడేళ్లు కట్టాలి. కిచెన్ వాళ్లకి ఇంకా 40 వేలు బాకీ ఉన్నాం. నాలుగు నెలలకే సింక్ కింద బాక్సు ఉబ్బిపోయింది. రెండు షట్టర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి, ఒక సొరుగు సగంలో ఆగిపోతోంది. ఫోన్ చేస్తే బాకీ తీర్చాకే మనిషిని పంపిస్తామంటున్నారు. మావారేమో గొడవెందుకు, ఇచ్చేద్దాం అంటున్నారు. ఈఎంఐ ఆపేస్తే దారికొస్తారా? బంగారం తాకట్టు పెట్టి మొత్తం మళ్లీ చేయించుకోమంటారా?

జవాబు: ఈఎంఐ ఆపకండి. అప్పిచ్చింది బ్యాంకు, పని చెడగొట్టింది కిచెన్ వాళ్లు. వాయిదా తప్పితే జరిమానా పడేది మీకు, సిబిల్ స్కోరు తగ్గేది మీది. కిచెన్ వాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఇక మీవారి మాట. గొడవ వద్దనుకోవడం మంచిదే గానీ, ఆ 40 వేలు చేతులు మారాక మీ ఫోన్ ఎత్తే అవసరం వాళ్లకి ఉండదు. అలాగని ‘ఇవ్వం’ అని కూడా అనకండి, బాకీ ఎగ్గొట్టారని రేపు వాళ్లే నోటీసు పంపొచ్చు. వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ ఇలా పెట్టండి: ‘ఫలానా మూడు లోపాలున్నాయి, ఫొటోలు జత చేశాం. 15 రోజుల్లో సరిచేయండి. పని పూర్తయి, మేం చూసుకున్న రోజే మిగిలిన 40 వేలు ఇస్తాం.’ ఆ డబ్బు నిజంగానే పక్కన పెట్టి ఉంచండి. ఇకమీదట ఫోన్‌లో ఏం మాట్లాడినా, అదే మాట వెంటనే మెసేజ్‌గా కూడా పంపండి. ఏదైనా క్యాష్‌గా ఇచ్చి ఉంటే ఎప్పుడెంత ఇచ్చారో రాసి, అందిందని వాళ్ల చేత బదులిప్పించుకోండి. జీఎస్టీ బిల్లు ఇవ్వకపోతే అదీ అడగండి.

ఇంతకంటే ముఖ్యమైన పని ఒకటుంది. సింక్ కింది తలుపు తీసి, టార్చి వేసి, డ్రైనేజీ పైపు కోసం చెక్కకి కొట్టిన కన్నం అంచు చూడండి. పైన ఎంత అందమైన లామినేట్ అంటించినా అసలు సరుకు అక్కడ బయటపడుతుంది. పొర మీద పొర కనిపిస్తే ప్లైవుడ్. రంపపు పొట్టు అదిమినట్టు ఉండి, గోరుతో గీకితే రాలితే పార్టికల్ బోర్డు. ఆ అంచుకి సీల్ వేయకపోతే పైపు చెమర్చిన ప్రతిసారీ తేమ లోపలికి పోతుంది, ఇలాంటి బోర్డు ఉబ్బుతుంది. ఇప్పుడు మీ కొటేషన్ తీయండి. అందులో ‘బీడబ్ల్యూపీ’ అనో ‘ఐఎస్ 710’ అనో ఉంటే అది నీటికి తట్టుకునే మెరైన్ ప్లై. ఆ మాట రాసి పార్టికల్ బోర్డు బిగించి ఉంటే ఇది పనితనం లోపంతో ఆగదు, ఒకటి చెప్పి ఇంకొకటి అంటగట్టడం అవుతుంది. అప్పుడు మిగతా బాక్సులు కూడా చూడాలి. వంటగది మొత్తానికి సరుకు ధరలో తేడా ఎంతో అడగొచ్చు.

సరుకు చెప్పినదే అయి, బిగింపే చెడిందనుకోండి. వాళ్లతో సంబంధం లేని ఇద్దరి దగ్గర బాగు చేయడానికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఉదాహరణకు 65 వేలు అన్నారనుకుందాం. మీ దగ్గరున్న 40 వేలు పోను వాళ్ల నుంచి రావాల్సింది 25 వేలు. అంటే మీ పోరాటం 4.20 లక్షల కోసం కాదు, 25 వేల కోసం. దీనికి బంగారం తాకట్టు ఎందుకు చెప్పండి? వడ్డీ కట్టి వంటిల్లంతా పీకించే అవసరం నాకైతే కనిపించడం లేదు. గడువు దాటినా వాళ్లు కదలకపోతే ఆ 40 వేలతోనే ముందు సింక్ బాక్సు మార్పించండి. మిగతావి రెండు నెలలు ఆగినా కొంప మునగదు. సొరుగు చానళ్లు, హింజులు పేరున్న కంపెనీవైతే ఆ కంపెనీ వారంటీ వేరుగా ఉంటుంది, అదీ కనుక్కోండి.

ఒక జాగ్రత్త. వేరేవాళ్లతో బాగు చేయిస్తే సాక్ష్యం పోతుంది. అందుకే ముందు వీడియో తీయండి, ఆ ఇద్దరిలో ఒకరి చేత లోపాలు రాయించి సంతకం పెట్టించండి, ఊడదీసిన ఉబ్బిన ముక్కని బాల్కనీలో దాచండి. చూడ్డానికి బాగుండదు గానీ కమిషన్ ముందు అదే మాట్లాడుతుంది.

కమిషన్ అంటే జిల్లా వినియోగదారుల కమిషన్. మొదట జాతీయ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని వ్యవహారాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు, ఆపైన కేసు. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లోపం బయటపడినప్పటి నుంచి రెండేళ్లు గడువు. తీర్పు మాత్రం చట్టంలో రాసినంత తొందరగా వస్తుందని లెక్కలేసుకోకండి.

ఈలోగా వాళ్లు మనిషిని పంపి ‘షట్టర్లు ఫ్యాక్టరీకి తీసుకెళ్లి సరిచేసి తెస్తాం’ అంటే, ఎన్ని తీసుకెళ్తున్నారో, ఏ తారీఖుకి తెస్తారో రాసి సంతకం పెట్టందే గుమ్మం దాటనివ్వకండి.