పిల్లలకు వంట ఏ వయసులో నేర్పాలి? ముక్కలు కోయించడం ఆపి, ఒక కూర అప్పగించి చూడండి

ప్రశ్న: "మా అబ్బాయికి ఏడేళ్లు, అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంట్లో రోజూ తినే మామూలు వంటలు ఎప్పటినుంచి నేర్పించవచ్చు? ఎక్కడ మొదలుపెట్టాలి? పొయ్యి దగ్గరికి రానివ్వాలంటే భయంగా ఉంది."

వయసు సంగతి కాసేపు పక్కన పెట్టండి. పిల్లలకు వంట నేర్పిస్తున్నాం అని చెప్పుకునే చాలా ఇళ్లలో నేర్పేది వంట కాదు, వంటకు చాకిరీ. బఠానీలు ఒలిపిస్తారు, వెల్లుల్లి పొట్టు తీయిస్తారు, గిన్నెలో ఏదో కలపమంటారు. బాణలి వేడెక్కేసరికి మాత్రం "నువ్వు జరుగు, కాలుతుంది" అని గరిటె లాక్కుంటారు. ఇలా ఎన్నేళ్లు బఠానీలు ఒలిచినా ఆ పిల్లకు కూర వండటం రాదు. మంట తగ్గించాలా, నీళ్లు పోయాలా, ఉప్పు చాలిందా, ఇక దించేయవచ్చా అని క్షణక్షణం తేల్చుకోవడమే వంట. ఆ తేల్చుకునే పని పెద్దవాళ్ల దగ్గరే ఉండిపోతే పిల్లలకు మిగిలేది తొక్కలే.

అందుకే నన్ను అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతాను. చిన్నదైనా సరే, ఒక వంటకాన్ని మొదటినుంచి చివరిదాకా పిల్లలకే వదిలేయండి. అది ఆ పూట ఇంటిల్లిపాదీ తినేది అయి ఉండాలి. సెలవు రోజున సరదాగా కేకు మీద రంగులు చల్లించడం, బిస్కెట్లకు బొమ్మల ఆకారాలు ఇప్పించడం నా లెక్కలో వంట కాదు. అవి చెడిపోయినా ఎవరి కడుపూ మాడదు. తను వండకపోతే ఇంట్లో కూర లేదు అన్నప్పుడు పిల్లల ముఖంలో వచ్చే శ్రద్ధే వేరు.

మా ఇంట్లో రాత్రి వంట నాది. మా అబ్బాయి కొన్నాళ్లు పక్కన నిలబడి చూశాడు, కత్తి పట్టడం నేర్చుకున్నాడు. తొమ్మిదో ఏడు వచ్చాక ఒక రాత్రి కూర పూర్తిగా వాడికి వదిలేశాను. ఏం చేస్తావురా అంటే గుడ్డు టమాటా అన్నాడు. మంచి ఎంపికే. త్వరగా అయిపోతుంది, పైగా కోయడం, వేయించడం, ఉడికించడం, రుచి చూడటం అన్నీ అందులో ఉన్నాయి. సరిగ్గా ఆ రోజే మా అక్క వచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, పసివాణ్ని పొయ్యి దగ్గర నిలబెట్టావా? నీకు ఓపిక లేకపోతే చెప్పు, నేను వండుతాను" అంది. నేనేమీ అనలేదు. మా అక్కతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇంతవరకు లేరు.

వాడు ఉల్లిపాయను నిదానంగా రెండు చెక్కలు చేసి, చదునుగా ఉన్న వైపు పలక మీద బోర్లించాడు. దొర్లేదాన్ని దొర్లుతుండగా తరగకూడదు, ముందు దానికి ఒక చదును అడుగు చేసుకోవాలి. కత్తి గురించి నేను చెప్పిన మొదటి పాఠం అదే. రెండో చేతి వేళ్ల కొసలు లోపలికి మడిచి, కణుపులు కత్తి పక్కకు ఆనించాడు. అలా పట్టుకుంటే కత్తికి తగిలేది కణుపుల పక్కభాగమే, గోళ్లు వెనకే ఉంటాయి. ముక్కలు లావుగా, ఒక్కోటి ఒక్కో సైజులో పడ్డాయి. పడనీండి, కడుపులోకి వెళ్లాక ఎవరూ కొలవరు.

కళ్లు మండి నీళ్లు కారుతుంటే, "నాన్నా, ఇదెందుకు ఏడిపిస్తుంది?" అన్నాడు. ఉల్లిపాయ కణాలు తెగినప్పుడు, అంతవరకు విడివిడిగా ఉన్న పదార్థాలు కలిసి ఘాటైన వాయువు పుడుతుంది. దాన్ని పుట్టించే ఎంజైమ్‌ను 2002లో జపాన్ పరిశోధకులు బయటపెట్టారు. 2013లో వాళ్లకు ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. ముందు నవ్వు తెప్పించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. ఇదంతా చెబితే వాడు ముక్కు తుడుచుకుంటూ "ఏడ్చినందుకు బహుమతా?" అని ముక్కలు కోయడం ఆపి మరీ నవ్వాడు.

పదునైన కత్తి అయితే కణాలు తక్కువ నలుగుతాయి, ఆ మంటా తగ్గుతుంది. పిల్లలు కదా అని మొద్దు కత్తులు చేతికిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొద్దు కత్తికి బలం పెట్టాలి, బలం పెడితే జారుతుంది, జారితే వేలు తెగుతుంది. చిన్న కత్తి ఇవ్వండి, కానీ పదునైనది ఇవ్వండి. ఇచ్చి అక్కడే నిలబడండి, ఫోన్ జేబులో పెట్టుకుని.

ఇక అసలు కథ. నూనె వేశాక వాడు ముందు ఒకే ఒక్క ఉల్లిముక్క వేసి చూశాడు. బుడగల్లేవు. ఆగాడు. ఇంకాసేపటికి ఆ ముక్క చుట్టూ చిటపట మొదలైంది, మిగతావి వేశాడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ టమాటాలు ముందే కోసి పెట్టుకోలేదు. వాటిని కడిగి, కోస్తూ కూర్చున్నాడు. ఇక్కడ ఉల్లిముక్కల అంచులు ఎర్రబడటం దాటి నల్లబడుతున్నాయి. నాకు కనిపిస్తోంది. మా అక్కకూ కనిపిస్తోంది. ఆమె చెయ్యి స్టవ్ మీదికి వెళ్లింది.

"అత్తా, ఆగు. నేను చూస్తా." వాడు తల కూడా తిప్పలేదు, వాసన పట్టేశాడు. కత్తి కింద పెట్టి వచ్చి, మంట తగ్గించి, కోసినంతవరకు టమాటా ముక్కలు బాణలిలో గుమ్మరించాడు. అడుగు చల్లబడింది. బాణలిలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఉల్లిపాయ ఎర్రబడాలన్నా మాడాలన్నా అంతకన్నా బాగా ఎక్కువ వేడి కావాలి. ఈ లెక్క వాడికి తెలియదు. టమాటా వేస్తే మాడటం ఆగుతుందని మాత్రం ఆ రోజు కళ్లారా చూశాడు. ఆ స్టవ్‌ను మా అక్క తగ్గించి ఉంటే కూర బాగుపడేది, వాడికి మాత్రం ఏమీ తెలిసేది కాదు.

గుడ్లు నేరుగా బాణలిలో కొట్టలేదు. ఒక్కొక్కటీ వేరే గిన్నెలో కొట్టి చూసుకున్నాడు. ఒకదాంట్లో పెంకు ముక్క పడింది. వేలితో తీయబోతే అది జారిపోతూనే ఉంది. పగిలిన పెంకు అంచుతో తోడితే ఒక్కసారిలో వస్తుందని చూపించాను. ఆ పూట నేను పెట్టిన చెయ్యి అదొక్కటే. గుడ్లు పోసి, మంట సన్నగా పెట్టి మూత పెట్టాడు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొనకు ఇంకాస్త వేడి కావాలి. పిల్లలు తినే ఇంట్లో పచ్చసొన కూడా పూర్తిగా గట్టిపడేదాకా ఉంచడమే మంచిది. చివర్లో ఆ పచ్చి గుడ్డు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోమని గుర్తు చేయాల్సి వచ్చింది, అది వేరే విషయం.

భోజనాల దగ్గర మా అక్క మొదటి ముద్ద తిని, "బాగుందిరా నాన్నా, కాస్త పులుపు ఎక్కువైంది" అంది. వాడు వెంటనే, "టమాటాలు ఇంకాసేపు ఉడకాల్సింది అత్తా, నేను గుడ్లు తొందరపడి పోసేశా" అన్నాడు. నాకు కూర కన్నా ఆ మాట రుచిగా అనిపించింది. తను చేసినదాంట్లో తేడా ఎక్కడొచ్చిందో తనే చెప్పగలిగాడంటే వాడికి వంట వచ్చినట్టే.

అందుకే పిల్లలు ఏం వండినా "సూపర్, అదిరింది" అనే అలవాటు నాకు అసలు నచ్చదు. ఉప్పు లేని కూరను సూపర్ అంటే వాళ్ల నాలుకను వాళ్లే నమ్మడం మానేస్తారు. తిట్టమని కాదు. "ఏం తక్కువైంది, నువ్వే చెప్పు" అంటే చాలు. ఇంకో పిచ్చి, ఫొటోలు. పిల్లకు తెల్ల టోపీ పెట్టి, గరిటె చేతికిచ్చి వీడియో తీసి, ఆ వెనక వండేది అమ్మ. పిల్ల కెమెరా వైపు చూడటం నేర్చుకుంటుంది, బాణలి వైపు కాదు.

వంటల పుస్తకాలదీ ఇదే వరస. "10 నిమిషాలు మీడియం మంట మీద వేయించాలి" అంటారు. ఎవరి స్టవ్ మీద, ఎంత బాణలిలో? గడియారం కన్నా చెవీ ముక్కూ నయం. కూరలో నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు చప్పుడు మెత్తగా, గుడగుడమని ఉంటుంది. నీళ్లు ఇంకిపోతున్న కొద్దీ చిటపటలు పెరుగుతాయి. కళ్లు మూసుకుని ఈ తేడా చెప్పమనండి, పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, పెద్దవాళ్ల కన్నా ముందే పట్టేస్తారు.

మీరు అబ్బాయి, అమ్మాయి ఇద్దరి గురించీ అడిగినందుకు సంతోషం. చాలామంది అమ్మాయి గురించే అడుగుతారు. జపాన్ బడుల్లో 5వ తరగతి నుంచే ఇంటిపనుల పాఠం ఉంటుంది, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే అన్నం వండటం నేర్చుకుంటారు. అయితే అక్కడ కూడా పై తరగతుల్లో ఈ పాఠం ఇద్దరికీ సమానంగా తప్పనిసరి అయింది 1990ల్లోనే. "మగపిల్లాడికి ఎందుకమ్మా" అనేవాళ్లకు నేను ఒక్కటే చెబుతాను: మగపిల్లాడికి ఆకలి వేయదా?

కూరగాయలు తినని పిల్లలకు కూడా ఇదే మందు అని నా గట్టి నమ్మకం. స్విట్జర్లాండ్‌లో 6 నుంచి 10 ఏళ్ల పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పెద్దవాళ్లతో కలిసి వండిన పిల్లలు మిగతావాళ్ల కన్నా సలాడ్ ఎక్కువ తిన్నారు. చూసింది 47 మంది పిల్లల్నే, అదీ ఒక్క పూట భోజనంలో. అయినా మా వాడు వంకాయ ముట్టుకున్నది తను కోసిన రోజునే కాబట్టి, నాకు ఆ సాక్ష్యం చాలు.

మీ భయం సంగతి. భయం ఉండాల్సిందే, కానీ అందరూ మంటకే భయపడతారు, నేను ఆవిరికి ఎక్కువ భయపడతాను. ఆవిరి చర్మానికి తగిలి నీరుగా మారేటప్పుడు వదిలే వేడి, అంతే బరువున్న చల్లటి నీళ్లను 0 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి పట్టే వేడికి ఐదు రెట్ల పైమాటే. అందుకే మూతను ముఖానికి అవతలి వైపు నుంచి ఎత్తడం స్టవ్ వెలిగించడం కన్నా ముందే నేర్పాలి. బాణలి కాడ లోపలి వైపు తిప్పి పెట్టాలి. కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి, ఐసూ టూత్‌పేస్టూ వద్దు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, స్టవ్ ఆపి మూత పెట్టేయాలి, అదీ పెద్దవాళ్ల పనే. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, దాని మూత జోలికి చిన్నపిల్లల్ని రానివ్వకండి. నూనెలో ముంచి వేయించేవి కూడా వద్దు.

ఇప్పుడు వయసు. నేను వయసు చూడను, మోచెయ్యి చూస్తాను. నేల మీద నిలబడితే బాణలి అంచు కన్నా మోచెయ్యి పైన ఉన్న పిల్ల స్టవ్ దగ్గరికి రావచ్చు, మీరు పక్కనే ఉంటే. అంత ఎత్తు లేని పిల్లల్ని స్టూలెక్కించి మంట ముందు నిలబెట్టకండి. మీ అమ్మాయి సరిపోతుందేమో నిలబెట్టి చూడండి. మీ అబ్బాయికి స్టవ్ లేని పని ఇవ్వండి, కానీ అదీ పూర్తి వంటకమే అయి ఉండాలి. దోసకాయ, టమాటా కోసి, ఉప్పూ నిమ్మరసమూ తనే సరిచూసి కలిపిన సలాడ్ అయినా సరే.

అమ్మాయితో గుడ్లు ఉడికించడంతో మొదలుపెట్టండి. నీళ్లు మరిగాక చెంచాతో జారవిడిచి, 11, 12 నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లలో వేయమనండి. తాజా గుడ్లకు పెంకు అతుక్కుని తెల్లసొన ఊడొస్తుంది, కాస్త పాతవైతే సులువుగా వస్తుంది. ఇది మీరు చెప్పకండి, రెండు రకాలూ ఇచ్చి తననే కనుక్కోమనండి. తర్వాత అన్నం, ఆ తర్వాత కూర. మిగిలిన అన్నం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టడం కూడా వంట నేర్పడంలో భాగమే. ఉడికించినా చావని కొన్ని బాక్టీరియా బీజాలు, అన్నం బయట వెచ్చగా పడి ఉంటే మళ్లీ పెరుగుతాయి.

గిన్నెలు కడగడం కూడా వండినవాళ్ల పనే అని మా ఇంట్లో నేను పెట్టిన నియమం. ఆ ఒక్క విషయంలో మా వాడికి మా అక్క వకాల్తా పుచ్చుకుంది, కేసు ఇంకా నడుస్తోంది.