తడితే పలికి, వదిలేస్తే మూగబోయే పాత ట్రాన్సిస్టర్ రేడియోని ఎలా బాగుచేయాలి?

1960ల నాటి విదేశీ ట్రాన్సిస్టర్ సెట్టు వెనక తడితే కాసేపు పలికి మళ్లీ ఆగిపోతోందని, మెకానిక్ కాయిల్స్ పోయాయన్నాడని రాశారు. దయచేసి ఆ కాయిల్స్ జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. మా పెదనాన్న ఓడ ఉద్యోగం చేసే రోజుల్లో తెచ్చుకున్న సెట్టుకీ సరిగ్గా ఇదే జబ్బు, అలాంటి మోడల్ ఇటువైపు నేను ఇంకొకటి చూడలేదు. షాపులో ఇస్తే ఐఎఫ్ కాయిల్స్‌లో (స్టేషన్ సిగ్నల్‌ని ఏరి పట్టే కాయిల్స్) మరలన్నీ తిప్పేశారు. వాటిని మళ్లీ దారికి తేవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది, చాలా బాధేసింది కూడా.

మూత తీసి చూడండి, పైన ఏఎఫ్117 అనో ఏఎఫ్115 అనో రాసి, నాలుగేసి కాళ్లున్న చిన్న లోహపు డబ్బాలు కనిపిస్తాయి, అవే ట్రాన్సిస్టర్లు. ఆ నాలుగు కాళ్లలో ఒకటి షీల్డ్, అంటే డబ్బాకే కలిపి ఎర్త్ చేసింది. తప్పంతా ఆ డబ్బాదే. లోపలి పూత నుంచి ఏళ్ల తరబడి వెంట్రుక కన్నా సన్నటి లోహపు పోగులు మొలుస్తాయి (టిన్ విస్కర్స్ అంటారు), అవి లోపలి తీగలకు తగిలితే సిగ్నల్ కాస్తా ఎర్త్‌లోకి పోతుంది. మీరు తట్టినప్పుడు ఆ పోగు కాస్త పక్కకి జరుగుతోంది, అందుకే పలుకుతోంది. వాడకుండా పెట్టెలో దాచినా ఇవి మొలుస్తాయి కాబట్టి పాత స్టాకు ట్రాన్సిస్టర్లు ఎక్కువ రేటు పెట్టి కొనకండి, నేను కొన్న మూడింటిలో రెండు బిగించకముందే షార్ట్.

ముందు బ్యాటరీలు తీసేయండి. ఒక కాలు మిగతా మూడింటికి ఎడంగా ఉంటుంది, ఆ కాలిని కలెక్టర్ అంటారు, దాని పక్కదే షీల్డ్. ఆ షీల్డ్ కాలొక్కదాన్నే మధ్యలో కత్తిరించి, డబ్బాకీ మిగిలిన మూడు కాళ్లకీ మధ్య మల్టీమీటర్‌ని బీప్ సెట్టింగ్‌లో పెట్టి చూడండి. బీప్ అంటే అక్కడ పోగు ఉన్నట్టే, కానీ ఒక్క కాలికే తగిలి ఉంటే ఇక ఫర్వాలేదు, ఎర్త్‌కి దారి తెగిపోయింది కదా. మా సెట్టులో మూడో ట్రాన్సిస్టర్ షీల్డ్ కాలు కత్తిరించగానే 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ స్టేషన్ ఖంగుమని వచ్చింది, పెద్దమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి అలా నిలబడిపోయింది.

రెండు కాళ్లకీ బీప్ వస్తే మాత్రం ఆ ట్రాన్సిస్టర్ మార్చాల్సిందే, ఏఎఫ్117 బదులు ఏఎఫ్127 సరిపోతుంది. జెర్మేనియంతో చేసిన ఈ ట్రాన్సిస్టర్లు వేడికి తట్టుకోవు, అందుకని సోల్డర్ చేసేటప్పుడు కాలిని పట్టుకారుతో పట్టుకోండి. కెపాసిటర్ ఛార్జ్ చేసి పోగుని కాల్చేసేవాళ్లూ ఉన్నారు, అది మళ్లీ మొలవచ్చు, నేనైతే చేయను.

ఏ కాలికి బీప్ వచ్చిందో కింద రాయండి, చూసి చెప్తాను.