టోర్నమెంటు పెడుతున్న తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

మొదటిసారి ఓపెన్ చెస్ టోర్నమెంటు, అంటే ఎవరైనా ఆడగలిగేది, నడపబోతున్నావని తెలిసి సంతోషించాను. బోర్డులు, గడియారాలు, ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పెయిరింగులు నువ్వు చూసుకోగలవు. నేను రాసేది ఇంకో విషయం, ఆడేవాళ్ల భద్రత గురించి.

వేధింపుల్లాంటి ఇబ్బంది ఎదురైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆడేవాళ్లకి మొదటి రౌండుకు ముందే తెలియాలి. "చీఫ్ ఆర్బిటర్ (ప్రధాన న్యాయనిర్ణేత) ఉన్నాడుగా" అనకు. ఆయనకి బోర్డుల దగ్గర గొడవలతోనే సరిపోతుంది. పైగా ఫిర్యాదు ఏ కోచ్ మీదో అయితే, ఆ కోచూ ఆర్బిటరూ భుజాలు తట్టుకోవడం చూసిన పదిహేనేళ్ల పిల్ల నోరు విప్పుతుందా? దీనికోసమే ఇద్దర్ని పెట్టు. ఒకరైనా ఆడమనిషి అయ్యుండాలి. ఆడేవాళ్లతో గానీ కోచ్‌లతో గానీ ఆ ఇద్దరికీ చుట్టరికం ఉండకూడదు. వాళ్ల ఫొటోలు, నంబర్లు పెయిరింగ్ షీట్ పక్కనే అంటించు, అందరూ ఎగబడి చూసే చోటు అదే. ఆట మధ్యలో ఎవరి దగ్గరా ఫోన్ ఉండదు కాబట్టి ఒకరు హాలు గుమ్మం బయటే కూర్చోవాలి.

2023లో ఫ్రాన్స్ క్రీడాకారిణులు మొదలుపెట్టిన బహిరంగ లేఖ మీద వంద మందికి పైగా సంతకాలు చేశారు. ఆడపిల్లలు, ముఖ్యంగా టీనేజీలో, చెస్ మానేయడానికి వేధింపులు ఒక పెద్ద కారణమని అందులో రాశారు. "మన దగ్గర అలాంటివి లేవు" అనే నిర్వాహకుల్ని నేను నమ్మను. వాళ్లకి చెప్పుకునేవాళ్లు లేరంతే.

ఎవరైనా వచ్చి చెప్తే వాళ్ల మాటల్లోనే రాసుకోండి, టైముతో సహా. ఫిర్యాదు చేసినవాళ్లనీ, ఎవరి మీద చేశారో వాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయొద్దు. ఫిర్యాదు చేసింది మైనరైతే తల్లిదండ్రులకి, చట్టం చెప్పిన అధికారులకి తెలియజేయాల్సిందే. టోర్నమెంటు పరువు కోసం లోపలే తొక్కిపెట్టడం నేరాన్ని కాపాడటమే.

ఆటలో మోసం చేస్తున్నారన్న అనుమానాల్లోనూ జాగ్రత్త. ఒంటి మీద తనిఖీ అందరికీ ఒకేలా, నలుగురి కళ్లపడకుండా పరదా చాటున జరగాలి. అమ్మాయిల్ని ఆడ ఆర్బిటరే తనిఖీ చేయాలి. ఆరోపించేవాళ్లని రాసివ్వమను. రాసివ్వనివాళ్ల గుసగుసల్ని ఎవరూ మోసుకెళ్లొద్దు.

టోర్నమెంటు దగ్గర డాక్టర్ని ఉంచే ఖర్చు దండగ అనేవాళ్లుంటారు. 2014లో నార్వేలోని ట్రోమ్సోలో జరిగిన చెస్ ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) చివరి రౌండులో ఒకాయన బోర్డు దగ్గరే కుప్పకూలాడు, తర్వాత చనిపోయాడు. వైద్య అవసరం ఉన్నవాళ్ల కోసం ఆర్బిటర్ ప్రత్యేక ఏర్పాట్లు చేయాలని ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నిబంధనల్లోనే ఉంది. ఇన్సులిన్, ఇన్‌హేలర్ వివరాలు ఎంట్రీ ఫారంలోనే అడుగు. అంబులెన్స్ దారిలో కార్లు ఆపనివ్వకు.

ఓడిన పిల్లల్ని కారిడార్‌లోనే వాయించే తల్లిదండ్రుల గురించి ఏం చెప్పను! పిల్లలు కాసేపు ఏడ్చుకోవడానికి ఒక గది ఉంచు, అక్కడ ఆట విశ్లేషణ మాత్రం వద్దు. చెయ్యెత్తిన తండ్రిని నువ్వే వెళ్లి ఆపు, వాలంటీర్‌ని పంపకు.

రౌండ్ల టైమింగ్ ఇంకా ఖరారు కాలేదన్నావు. రోజుకి మూడు క్లాసికల్ గేములు (గంటల తరబడి సాగే ఆటలు) పెట్టకు. ఆఖరి రౌండు పొద్దుపోకముందే ముగిసేలా చూడు, ఒంటరిగా వచ్చిన పిల్లలు రాత్రిపూట బస్సుల కోసం నిలబడకూడదు.

ఇట్లు,
మీ అన్నయ్య