సైన్స్ ఫిక్షన్‌లో మొదట ఏ నవల చదవాలి, ఏ పాత సినిమా చూడాలి?

నన్నడిగితే రెండింటికీ జవాబు ఒకటే: సొలారిస్. పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ నవల ఇది, 1961లో వచ్చింది. సొలారిస్ అనే గ్రహాన్ని కప్పేసిన సముద్రమే ఒక ప్రాణి. పరిశోధనకు వెళ్లినవాళ్ల జ్ఞాపకాల్లోని మనుషులను అది ప్రాణంతో ఎదురుగా నిలబెడుతుంది. ఆ పరిశోధకుల్లో ఒకడైన కెల్విన్ దగ్గరికి చనిపోయిన భార్య వస్తుంది. అయినా ఆ సముద్రం ఉద్దేశం చివరిదాకా అంతుచిక్కదు. మనిషి తెలివికున్న హద్దుల్ని ఇంత నిజాయితీగా చెప్పిన నవల నేను మరొకటి చదవలేదు.

ఈ నవల ఆధారంగా 1972లో రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన సినిమా చాలా నిదానంగా నడుస్తుంది. దర్శకుడి దృష్టంతా కెల్విన్ అపరాధభావం మీదే ఉందని లెమ్‌కి అది నచ్చలేదు. నాకు మాత్రం రెండూ ఇష్టమే, కానీ నవల ముందు చదవండి.

తేలిగ్గా మొదలుపెట్టాలంటే 1991 నాటి ఆదిత్య 369 చూడండి. టైమ్ మెషీన్‌లో కృష్ణదేవరాయల కాలానికి వెళ్లే భాగం పిల్లలకు భలే నచ్చుతుంది.